తీపాకు డబ్బా

ఆగస్టు 6

అల్లుడు గారికి,

మీరు వేళకి తింటున్నారని అనుకుంటూ మొదలుపెడుతున్నాను.

ఫోను ఉండగా ఉత్తరమేమిటి అనుకోకండి. మూడుసార్లు ఫోను చేశాను కదా. మీరు "అత్తయ్యా" అన్నారు, నేను "ఆఁ" అన్నాను, అంతే. అక్కడ మీరు, ఇక్కడ నేను ముక్కు చీదుకోవడంతోనే సరిపోయింది. కాగితమైతే తడిసినా ఆరబెట్టుకుని మళ్ళీ రాసుకోవచ్చు. నా రాత సంగతి మీకు తెలుసు. మన చీమ రెండో తరగతి చదువుతున్నప్పుడు దాని పక్కన కూర్చుని దాని పలక మీదే దిద్దాను. అది పై తరగతులకి వెళ్ళింది, నేను రెండులోనే ఉండిపోయాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఇంతకీ అడగాలనుకున్నది, బాల్కనీలో అది పెంచిన తీపాకు మొక్కలు బతికే ఉన్నాయా? పెయింటు బకెట్లలో నాలుగు ఉండేవి. వాటి అసలు పేరు స్టీవియా అని చెప్పేది. నాకు నోరు తిరక్క తీపాకు అంటే, చివరికి అదీ అలాగే అనడం మొదలుపెట్టింది. నాకు షుగరు ఉందని తేలిన ఏడాదే ఎక్కడో నర్సరీలో వెతికి తెచ్చింది. ఆకులు ఎండబెట్టి, పొడి కొట్టి, నీలం మూత డబ్బాలో పోసి నెలనెలా పంపేది. నా చేత చక్కెర మాన్పించింది ఎవరయ్యా అంటే, చిన్నప్పుడు చక్కెర డబ్బాలో వేలు ముంచీ ముంచీ చీమ అని పేరు తెచ్చుకున్న పిల్ల.

అది పంపిన ఆఖరి డబ్బాలో అడుగున వేలి మందం ఉంది.

మీరు వాటికి నీళ్ళు పోయండి, చాలు. ఒక్క ఆకు కూడా తుంచకండి. ఎవరినీ ముట్టనివ్వకండి. అది పెట్టిన చోట, అది ఎలా వదిలి వెళ్ళిందో అలాగే ఉండాలి. ఇంకేమీ అడగను మిమ్మల్ని.

నేను పనికి వెళ్తున్నాను. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఎప్పటిలాగే వస్తున్నాయి, నేను ఎప్పటిలాగే మడతపెడుతున్నాను. ఇదివరకు దుప్పటిని దుప్పటిలాగే చూసేదాన్ని. ఇప్పుడు దీని మీద ఎవరు పడుకున్నారో, లేచి ఇంటికి వెళ్ళారో లేదో అనిపిస్తుంది. రోలరు ఇస్త్రీ మిషను దగ్గర పనిచేసే తాత "ఏమ్మా, మడత వంకర పోతోంది" అంటాడు. పోతే పోనీ అంటాను.

ఉంటాను.
చీమ వాళ్ళమ్మ


ఆగస్టు 19

అత్తయ్య గారికి నమస్కారాలు.

ఉత్తరం అందింది. మీ రాత నాకు బాగానే అర్థమైంది. నాదే మీకు అర్థం కాకపోవచ్చు, బేకరీలో ట్రేల మీద నంబర్లు తప్ప నేను రాసేదేమీ ఉండదు.

మొక్కలు బతికే ఉన్నాయి. నాలుగూ ఉన్నాయి. మే నెలలో ఆసుపత్రిలో ఉన్న ఆ పదకొండు రోజులూ ఇంట్లో ఎవరం లేము కదా, అప్పుడు కొంచెం వాడాయి. పక్కింటివాళ్ళు నీళ్ళు పోశారట. ఇప్పుడు తేరుకున్నాయి. పెద్దది నా మోకాలు దాటింది.

వాటి సంగతి నాకేమీ తెలియదు. నన్ను దగ్గరికి రానిచ్చేది కాదు. "పిండి చేతులతో ముట్టుకోకు" అనేది. ఒకసారి మాత్రం ఆ పొడి ఇచ్చి బిస్కెట్లు చేయమంది, మీ కోసం. చక్కెర లేకపోతే బిస్కెట్టు ఎర్రబడదు, కరకరలాడదు. తెల్లగా, సున్నం ముక్కల్లా వచ్చాయి. అయినా రెండు తిని, "మా అమ్మకి పంపకు, నీ ఉద్యోగం మీద నమ్మకం పోతుంది" అంది. మీకు చెప్పలేదనుకుంటాను.

మీరు చెప్పినట్టే చేస్తాను. ఒక్క ఆకు కూడా తుంచను. పనికి వెళ్ళే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి నీళ్ళు పోస్తున్నాను.

మీ ఆరోగ్యం జాగ్రత్త.
ఇట్లు,
మీ అల్లుడు


సెప్టెంబరు 10

అల్లుడు గారికి,

మీ బిస్కెట్ల కథ చదివి నవ్వాను. నవ్వాక, నవ్వినందుకు కాసేపు కూర్చుండిపోయాను. ఇలాంటివి ఇంకేమైనా ఉంటే దాచుకోకుండా రాయండి. నాకు తెలియని చీమ మీ దగ్గర చాలా ఉంది. ఎనిమిదేళ్ళ కాపురంలోది.

మొక్క మోకాలు దాటిందన్నారు. మీ మోకాలు ఎంత ఎత్తో నాకేం తెలుసు? ఒక పని చేయండి. పెద్ద మొక్కని మట్టి దగ్గర నుంచి కొస దాకా దారంతో కొలిచి, ఆ దారం కత్తిరించి కవర్లో పెట్టి పంపండి. చీమని అలాగే కొలిచేదాన్ని. బడి తెరిచే ముందు గోడకి నిలబెట్టి, దారం తీసి, చివర ముడి వేసేదాన్ని. యూనిఫారానికి కొలత అని దానికి చెప్పేదాన్ని గానీ నిజానికి అది నా సరదా. ఆ దారాలన్నీ బీరువా తలుపు వెనక మేకుకి ఉన్నాయి. పది. పదో దారం దగ్గర "ఇక చాలమ్మా, నీ కంటే ఎత్తయ్యాను" అంది.

ఇక్కడ కబుర్లేమీ లేవు. కొత్త చెప్పు కాలిని కరిచింది, పుండు మానడం లేదు, చెప్పులు మార్చాను. లాండ్రీలో తాత ఫ్లాస్కులో టీ తెస్తున్నాడు, నాకూ ఒక గ్లాసు పోస్తున్నాడు. వాళ్ళావిడ తీపి బాగా దట్టిస్తుంది. డబ్బాలో పొడి ఇంకా వేలి మందం అలాగే ఉంది. దాని ఫోటో వెనక పెట్టాను. పొద్దున్నే ఒకసారి మూత తీసి వాసన చూసి మళ్ళీ పెట్టేస్తాను.

దారం మరిచిపోకండి.
అత్తయ్య


అక్టోబరు 2

అత్తయ్య గారికి నమస్కారాలు.

దారం పంపుతున్నాను. బ్రెడ్డు పొట్లాలకి కట్టే దారమే, ఇంట్లో వేరేది దొరకలేదు. ఆవిడ కుట్టు పెట్టె తెరవలేదు నేను.

ఒక విశేషం. మొక్కలు పూశాయి. తెల్లటి పూలు, బియ్యపు గింజ కంటే చిన్నవి, కొసల్లో గుత్తులుగా వచ్చాయి. ఆవిడ ఉన్నప్పుడు ఇవి పూయడం నేనెప్పుడూ చూడలేదు. పెద్ద మొక్కకి కింద ఆకులు కొన్ని పసుపుపచ్చగా అయి రాలుతున్నాయి. పూతకి వచ్చింది కాబట్టి కాబోలు.

ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి. ఆగస్టులో డబ్బాలో వేలి మందం ఉందన్నారు. సెప్టెంబరులోనూ వేలి మందమే అన్నారు. మరి ఇంట్లో టీలో ఏం వేసుకుంటున్నారు?

ఇట్లు,
మీ అల్లుడు


అక్టోబరు 14

నాయనా,

పూశాయా. నా తల్లి మొక్కలు పూశాయా.

ఉత్తరం పనిలోకి తీసుకెళ్ళి తాత చేత ఇంకోసారి చదివించుకున్నాను, నేనేమైనా తప్పు చదివానేమోనని. "పూశాయనే ఉందమ్మా" అన్నాడు. లాండ్రీలో అందరికీ చెప్పాను. బట్టలు నానబెట్టే ఆవిడకి ఏమీ అర్థం కాలేదు, అయినా నా చెయ్యి పట్టుకుంది. అది ఉండగా పూయనివి ఇప్పుడెందుకు పూశాయి? మనకి ఏదో చెబుతోంది. మీరు ఏమన్నా అనుకోండి, నేను అలాగే అనుకుంటాను.

ఒక గుత్తి కోసి పంపమందామని అనుకున్నాను, మళ్ళీ వద్దనుకున్నాను. కోయకండి. చూసి, ఎలా ఉన్నాయో రాయండి, చాలు. దారం మేకుకి తగిలించాను. చీమ బడిలో చేరిన ఏడాది దారంతో సరిగ్గా సమానంగా ఉంది.

టీ సంగతి వదిలేయండి. ఈ వయసులో నా టీ తీపిగా ఉంటే ఎంత, చప్పగా ఉంటే ఎంత.

అత్తయ్య


నవంబరు 9

అల్లుడు గారికి,

మీ పార్సిలు నిన్న వచ్చింది. ఒక పొట్లంలో ఎండబెట్టిన ఆకులు. ఇంకో పొట్లంలో తడిగుడ్డలో చుట్టిన కొమ్మలు ఏడు. ఏడు కొమ్మలు కోశారు. నేను మిమ్మల్ని అడిగింది ఒక్కటే. ఒక్క ఆకు తుంచకండి అన్నాను. మీరు సరేనన్నారు.

పైన అడ్రసు మీ చేతిరాత కాదు. లోపల చీటీ కూడా మీ రాత కాదు. "ఇవి తడి ఇసుకలో గుచ్చి నీడలో పెట్టండి, ఆయన ఉత్తరం తరవాత రాస్తారు" అని గుండ్రంగా, ముచ్చటగా ఉంది. ఆడపిల్ల రాత. నేను రెండో తరగతి దాన్నే గానీ ఆ మాత్రం తెలియనిదాన్ని కాదు.

పొద్దుట్నుంచి ఆలోచించాను. మీకు ముప్పై నాలుగేళ్ళు. ఇంట్లో ఒక్కరే. ఎవరైనా వచ్చారంటే తప్పు మీది కాదు, ఆ పిల్లదీ కాదు. చేసుకోండి. నేను అడ్డం పడే మనిషిని కాదు, అడ్డం పడటానికి నాకున్న వరస కూడా మే నెలతోనే పోయింది. కానీ నాతో ఒక్క ముక్క చెప్పి ఉండాల్సింది. ఇలా వేరే చేత్తో తెలియకూడదు. ఆ మొక్క మీద కత్తెర వేయడానికి ఆమెకి చేతులెలా వచ్చాయో నాకు తెలియడం లేదు. ఇంట్లో మొక్కలన్నీ తీసి చోటు చేసుకుంటున్నారా? అందుకేనా నాకు పంపేశారు?

కోపంతో రాయడం లేదు. కోపం ఉంటే ఇంత పొడుగు రాయను.

కొమ్మలు పారేద్దామని గుమ్మం దాకా వెళ్ళాను. పారేయలేకపోయాను. లాండ్రీ నుంచి సబ్బుపొడి బకెట్టు ఒకటి తెచ్చి, ఇసుక పోసి గుచ్చాను. ఆ చీటీలో చెప్పినట్టే.

చీమ వాళ్ళమ్మ


నవంబరు 20

అత్తయ్య గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం వచ్చేసరికి నా కుడిచేతికి కట్టు ఉంది. ఈ రోజే విప్పారు. ఇది మొదటి రాత, వంకరగా ఉంటుంది.

అక్టోబరు చివర పొయ్యిలోంచి ట్రే లాగుతుంటే గుడ్డ జారి అరచెయ్యి కాలింది. పెద్దదేమీ కాదు, మానింది. కానీ కలం పట్టుకోలేకపోయాను. కొమ్మలు మాత్రం ఆగేవి కావు. అందుకని అడ్రసూ చీటీ మా ప్యాకింగ్ అక్క చేత రాయించాను. అక్కకి అరవై ఒకటి. ముగ్గురు మనవరాళ్ళు. పై పళ్ళు కట్టించుకుంది. మీ ఉత్తరంలో సంగతి ఆమెకి చెప్పక తప్పలేదు. బ్రెడ్డు ట్రేలు కింద పెట్టి కూర్చుని మరీ నవ్వింది. "మీ అత్తగారితో చెప్పు, నా రాత ముచ్చటగా ఉందన్నవాళ్ళు ఈ జన్మలో ఆవిడొక్కతే" అంది. ఇప్పుడు షిఫ్టంతా నన్ను పెళ్ళికొడకా అని పిలుస్తున్నారు. ఇది మీ వల్లే.

ఎవరూ రాలేదు అత్తయ్యా. కత్తెర వేసింది నేనే. ఎడమచేత్తో.

ఎందుకో చెప్పాలి. బాల్కనీలో జల్లెడ పెట్టుకునే చెక్కపెట్టె ఉంది కదా, దాని అడుగున ఆవిడ నోటు పుస్తకం దొరికింది. మొత్తం ఈ మొక్కల గురించే. మీ పూల ఉత్తరం వచ్చిన వారానికి దొరికింది. చదివాక మీకెలా చెప్పాలో తెలియలేదు, మీరు అంత సంతోషంగా ఉన్నారు. ఆవిడ రాసింది రాసినట్టే రాస్తున్నాను.

"పూత రానివ్వకూడదు. పొద్దు తగ్గే రోజుల్లో కొసలు చూస్తూ ఉండాలి, మొగ్గ కనిపిస్తే తుంచెయ్యాలి. పూసిందంటే ఆకు తీపి పోతుంది, చెట్టు కూడా ఇక నా పని అయిపోయిందనుకుంటుంది."

"నీళ్ళు రోజూ వద్దు. మట్టిలో వేలు పెట్టి చూసి, పొడిగా ఉంటేనే."

"కోస్తేనే గుబురవుతుంది. కోయకపోతే పొడుగ్గా సాగి, కింద మోడవుతుంది."

"నర్సరీ నుంచి తెచ్చిన మొదటి మొక్క రెండో ఏడాదే పోయింది. దాని కొమ్మ ఒకటి బతికించాను. ఇప్పుడు ఉన్నవి ఆ కొమ్మకి కొమ్మలు. పూత లేని కొమ్మ నాలుగు వేళ్ళ పొడుగు కోసి, కింద ఆకులు తీసేసి, తడి ఇసుకలో గుచ్చాలి. పైన గాజు గ్లాసు బోర్లించాలి. మూడు వారాలు."

మనం రెండూ తప్పే చేశాం. మీరు కోయొద్దన్నారు, నేను రెండు పూటలా నీళ్ళు పోశాను. పుస్తకం దొరికేసరికి రెండు బకెట్లలో వేరు కుళ్ళింది. మిగిలిన రెండింటిలో పూత లేని కొమ్మలు ఏడే ఉన్నాయి. ఏడూ మీకు పంపాను. ఇక్కడ ఉంచితే నా చేతిలో అవీ పోతాయని భయం వేసింది. చోటు చేసుకోవడానికి కాదు. చోటు చాలా ఉంది ఇక్కడ.

పుస్తకంలో ఇంకొకటి ఉంది. ఇది మీకు పంపాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించాను.

"అమ్మ డబ్బా. అమ్మ పొడి దాచుకుని, అయిపోతుందని చక్కెర వేసుకుంటుంది. నాకు తెలుసు. అందుకని రూలు: ఖాళీ డబ్బా తిరిగి వస్తేనే కొత్తది పంపడం. నిండా ఉన్నది దాచిందో, ఇంకోటి రాదు."

మే నెల డబ్బా ఇంతవరకూ తిరిగి రాలేదు అత్తయ్యా. టీలో ఏం వేసుకుంటున్నారు?

ఇట్లు,
మీ అల్లుడు


డిసెంబరు 8

నాయనా,

ముందు ఆ ప్యాకింగ్ అక్కకి నా క్షమాపణ చెప్పు. ఒక జత దిండు గలీబులు కుట్టి పంపుతున్నాను. ఆమె రాత నిజంగానే ముచ్చటగా ఉంది, ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోను.

టీలో చక్కెర వేసుకుంటున్నాను. ఆగస్టు నుంచి. ఇంట్లో రెండు చెంచాలు, తాత ఫ్లాస్కు టీ వేరే. కాలి పుండు అందుకే మానలేదట. పోయిన వారం మా ఆసుపత్రిలోనే చూపించుకున్నాను. డాక్టరమ్మ నా కూతురి వయసుది. కాగితం చూసి, నా మొహం చూసి, "ఇదేంటమ్మా, మీరు ఇక్కడే పనిచేస్తారు కదా" అంది. ఏం చెప్పను? నా కూతురు పంపిన పొడి ఉంది, అది అయిపోతే ఇక రాదని దాచుకుని విషం తాగుతున్నానని చెప్పనా? మందులు మార్చింది. కాలు ఇప్పుడు కొంచెం నయం. కంగారు పడి ప్రయాణం పెట్టుకోకు.

నీ ఉత్తరం చదివి ఫోటో వెనక నుంచి డబ్బా తీశాను. నెలనెలా ఖాళీ డబ్బా పంపు, ఖాళీ డబ్బా పంపు అని ప్రాణం తీసేది. డబ్బాలకి కరువా దీనికి అనుకునేదాన్ని. ఎందుకో ఇప్పుడు తెలిసింది. నన్ను ఎంత చదివిందో చూడు, నేను రాసిన ఉత్తరాలు ఏమంత పెద్దవి కావు.

మర్నాడు డబ్బా పనిలోకి తీసుకెళ్ళాను. తాత ఫ్లాస్కు మూత తీస్తుంటే, "నాకు వద్దు, నాది నేను కాచుకొచ్చాను" అన్నాను. చిటికెడు వేసి, కాసేపు ఆగి, గుడ్డలో వడగట్టాను. తాత తొంగి చూశాడు.

"ఆకుపచ్చగా ఉందేంటమ్మా, గడ్డి మరిగించావా?"

"తాగి మాట్లాడు."

ఒక గుక్క తాగి, నోరు చప్పరించి, "తియ్యగానే ఉంది. కానీ తీపి ఆలస్యంగా వస్తోంది" అన్నాడు. ఆలస్యంగా వచ్చి, చాలాసేపు ఉంటుంది. నేను గ్లాసు మొత్తం తాగాను. దుప్పట్లన్నీ నా ముందే ఉన్నాయి, కన్ను తుడుచుకోవడానికి గుడ్డకి కొదవ లేదు.

పది రోజుల్లో అయిపోయింది. ఆఖరి చిటికెడు మొన్న శుక్రవారం. డబ్బా కడగలేదు, తుడిచి పంపుతున్నాను. ఇప్పుడు నువ్వు పంపిన ఎండాకు నూరి వేసుకుంటున్నాను. తీపి తక్కువ, చివర కొంచెం చేదు. పూసిన చెట్టు ఆకు కదా. అయినా చక్కెర ముట్టడం లేదు, డాక్టరమ్మ మీద ఒట్టు.

ఏడు కొమ్మల్లో నాలుగు నల్లబడ్డాయి. ఒకటి నేను వేరు వచ్చిందో లేదో అని రోజూ పీకి చూడటం వల్ల పోయింది. మిగిలిన రెండింటికీ గ్లాసులు బోర్లించాను. వాటిని ముట్టడం లేదు.

పెళ్ళి గురించి నేను రాసింది తప్పుగా అనుకుని రాశాను, నిజమే. కానీ చేసుకో అన్న మాట తప్పు కాదు. ఇప్పుడే అని కాదు. ఎప్పుడైనా ఎవరైనా వస్తే, చిటికెడే వేయాలి, ఎక్కువైతే చేదొస్తుంది అని ఆ పిల్లకి నేర్పే పని నాకు ఉంచు.

గారు గీరు రాయడం మరిచిపోయాను ఈసారి. మళ్ళీ మొదట్నుంచి రాసే ఓపిక లేదు.

అత్తయ్య


జనవరి 5

అత్తయ్యకి,

గారు మళ్ళీ పెట్టకండి. ఇలాగే బాగుంది.

మీ డబ్బా వచ్చింది. గలీబులు అక్కకి ఇచ్చాను. వాటిని వాడదట, మనవరాలి పెళ్ళికి దాచిందట. ఎవరికీ ఏదీ వాడే అలవాటు లేదు.

మంచి కబురు రాద్దామని పది రోజులు ఆగాను. ఇక ఆగి లాభం లేదు. ఇక్కడ మొక్కలు పోయాయి. పూలు రాలాక పెద్దది పూర్తిగా ఎండింది. కింద నుంచి చిగురు వేస్తుందేమో అని పుస్తకంలో ఉన్నట్టు మట్టి మట్టంగా కోసి చూశాను. రాలేదు. చివరి బకెట్టు మట్టి నిన్న గుమ్మరించాను. వేరు చేతికి పొడి పొడిగా వచ్చింది. నాలుగు బకెట్లూ కడిగి బోర్లించాను.

ఖాళీ డబ్బా వస్తే నింపి పంపాలి. అది రూలు. నా దగ్గర నింపడానికి ఏమీ లేదు. డబ్బాని అలమరలో పెట్టాను, పనికి వెళ్ళేటప్పుడు కనిపిస్తోంది. తీసి లోపల పెట్టాను, లోపల ఉందని తెలుస్తోంది. అందుకని తిరిగి పంపుతున్నాను. కోప్పడకండి. అందులో చక్కెర లేని రస్కులు నాలుగు పెట్టాను, తెల్లగా ఉంటాయి, నేను చేసినవే.

ఇన్నాళ్ళూ మొక్క ఎలా ఉందో మీకు చెప్పాలని ఉత్తరం రాశాను. ఇప్పుడు చెప్పడానికి మొక్క లేదు. అయినా రాయొచ్చా?

మీ అల్లుడు


జనవరి 16

రాయొచ్చా అని అడగడమేమిటి. రాయి.

రస్కులు సున్నంలాగే ఉన్నాయి. నాలుగూ తిన్నాను. దాచలేదు.

అత్తయ్య


ఏప్రిల్ 25

నాయనా,

నీ మూడు ఉత్తరాలకీ కలిపి ఒకటే రాస్తున్నాను. మధ్యలో రాద్దామనుకున్నాను గానీ, చెప్పి మళ్ళీ పోతే నిన్ను రెండోసారి ఏడిపించినట్టవుతుందని ఆగాను. నువ్వు అడిగినప్పుడల్లా కాలు బాగుంది, చలిగా ఉంది అని ఫోనులో మాట దాటేసింది అందుకే.

రెండు కొమ్మలూ బతికాయి.

జనవరి ఆఖర్లో ఒకదానికి ఇద్దరు పిల్లలు చేతులు చాపినట్టు రెండు చిన్న ఆకులు వచ్చాయి. రెండోది నెల తరవాత. ఎండలు మొదలయ్యాక చూడాలి వాటిని. మట్టిలో వేలు పెట్టి చూసి, పొడిగా ఉంటేనే నీళ్ళు. నా గోరు కింద మట్టి చూసి తాత "ఆసుపత్రి దుప్పట్లమ్మా, చెయ్యి కడుక్కో" అని రోజూ అరుస్తాడు.

మార్చిలో పెద్దది జానెడయింది. అప్పుడు వచ్చింది నా కష్టం. కొస తుంచాలి, తుంచకపోతే మళ్ళీ అదే కథ. లాండ్రీలో దారాలు కత్తిరించే కత్తెర తెచ్చుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. కూర్చునే ఉన్నాను. పనికి ఆలస్యమైంది, ముప్పై ఏళ్ళలో మొదటిసారి. ఆ కొసని పట్టుకుంటే చీమ జుట్టు చివర్లు కత్తిరించినప్పటి సంగతి గుర్తొచ్చింది. "అమ్మా, నొప్పి, నొప్పి" అని ముందే ఏడ్చేది, ఇంకా కత్తెర తగలకుండానే. "తగల్లేదే ఇంకా" అంటే, "తగిలాక ఏడిస్తే ఏం లాభం" అనేది. అది గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆ నవ్వులో కోసేశాను.

కోసిన చోట రెండు కొమ్మలు వచ్చాయి నాయనా. వాటిని కోస్తే నాలుగు. అది రాసింది రాసినట్టే. దాని చేత్తో పెట్టిన మొక్క అని నేను పట్టుకుని కూర్చున్నాను. అది మొదట పెట్టిన మొక్క ఎప్పుడో పోయింది, దాని కొమ్మ కోసి, ఆ కొమ్మకి కొమ్మ కోసి ఇక్కడి దాకా తెచ్చింది. కోయడమే అది చేసిన పని. నేను దాన్ని ఆపేశాను.

నువ్వు కోసి పంపకపోయి ఉంటే ఇవాళ ఏమీ ఉండేది కాదు. ఎడమచేత్తో, నా మాట కాదని కోశావు. నేను నిన్ను ఎన్ని మాటలు అన్నాను. వరస పోయింది అని కూడా రాశాను కదూ. ఆ కాగితం ఇంకా ఉంటే చించెయ్యి.

వచ్చే నెలకి ఏడాది. ఆ వారం నేను లాండ్రీలో సెలవు పెట్టాను. పొద్దుటి రైలుకి బయలుదేరి వస్తాను. రెండో మొక్క ఒళ్ళో పెట్టుకుని తెస్తాను, పార్సిలు చేయను. ఒక బకెట్టు తిప్పి పెట్టి, అడుగున చిల్లులు పూడిపోయాయేమో చూసి ఉంచు. ఇసుక కొంచెం, మట్టి కొంచెం. నీళ్ళు నేను వచ్చాక పోద్దాం, నువ్వు పోయకు. దాని కుట్టు పెట్టె కూడా ఇద్దరం ఉన్నప్పుడే తెరుద్దాం.

ఈ కవర్లో ఒక దారం ఉంది చూడు. నీకు వచ్చే మొక్క కొలత. నా మేకుకి తగిలించలేదు. నీ గోడకి నువ్వే ఒక మేకు కొట్టుకో.

ఉత్తరంతో పాటు డబ్బా ముందు పంపుతున్నాను. పొద్దున కోసి, ఒక రోజు నీడలో, ఒక పూట ఎండలో ఆరబెట్టి, నూరి, జల్లెడ పట్టాను. అడుగున రెండు వేళ్ళ మందం వచ్చింది. ఏడాదిగా నువ్వు టీ చప్పగా తాగుతున్నావని ప్యాకింగ్ అక్క నాకు రాసింది. నీకు తెలియకుండా మేమిద్దరం ఉత్తరాలు రాసుకుంటున్నాం, ఆమె రాత చదవడం తేలిక.

చిటికెడు వేసుకో. తీపి ఆలస్యంగా వస్తుంది, రాలేదని ఇంకో చిటికెడు వేయకు.

ఫోటో వెనక పెట్టకు. వాసన చూసి మూత పెట్టేయకు. నేను వచ్చేసరికి డబ్బా ఖాళీగా ఉండాలి. లేకపోతే ఇంకోటి రాదు.

అత్తయ్య